చంపే ఫేజ్, దాక్కునే ఫేజ్

దక్షిణాఫ్రికాలోని డర్బన్ మనవాళ్లకు కొత్త ఊరేం కాదు. 1860 నుంచి అక్కడి చెరకు తోటల్లో పనికి ఒప్పంద కూలీలుగా ఓడలెక్కినవాళ్లలో అప్పటి విశాఖపట్నం జిల్లావాళ్లూ ఉన్నారు. మన గజపతినగరం అప్పట్లో ఆ జిల్లాలోనే ఒక తాలూకా. ఆ డర్బన్‌లో 2010లో ఒక విద్యార్థిని కుళ్లుతున్న వంకాయ అడుగు నుంచి ఒక వైరస్‌ను వేరుచేసి, దానికి ‘మడ్డీ’ అని పేరు పెట్టింది. ఆ వంకాయ మనవాళ్ల పెరటిదేనని చెప్పుకోవడానికి నా దగ్గర ఆధారమేమీ లేదు. ఆ వైరస్ మాత్రం మనుషులకు సోకేది కాదు, వంగమొక్కకు సోకేదీ కాదు. బాక్టీరియాకు సోకేది. ఇలాంటివాటిని బాక్టీరియోఫేజ్‌లంటారు. వాటితో పనిచేసేవాళ్లకు అవి ఉత్త ‘ఫేజ్‌లు’.

అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో గ్రేహమ్ హాట్‌ఫుల్ అనే ఆచార్యుడు విద్యార్థులు ఇలా మట్టిలోంచి పట్టుకొచ్చిన ఫేజ్‌లను వేల సంఖ్యలో ఫ్రీజర్లలో దాచిపెట్టాడు. మడ్డీ కూడా వాటిలో చేరింది. 2018లో దానికి పనిపడింది. లండన్‌లో ఒక పదిహేనేళ్ల అమ్మాయికి రెండు ఊపిరితిత్తులూ మార్చారు. ఆ తరవాత మైకోబాక్టీరియం యాబ్సెసస్ అనే క్రిమి, క్షయ క్రిమికి దూరపు చుట్టం, ఒంట్లో పలుచోట్లకు పాకింది. యాంటీబయాటిక్‌లేవీ దాన్ని ఆపలేకపోయాయి. హాట్‌ఫుల్ బృందం మూడు ఫేజ్‌లు కలిపి మందు తయారుచేసి పంపింది. ఆరు నెలల్లో చర్మం మీది పుండ్లు చాలావరకు మానాయి, కాలేయం తేరుకుంది. రోగం పూర్తిగా పోలేదు గానీ అదుపులోకి వచ్చింది. 2019 మే నెలలో ‘నేచర్ మెడిసిన్’ పత్రిక ఈ చికిత్స వివరాలు ప్రచురించింది.

పత్రికలవాళ్లకు వంకాయ బాగా నచ్చింది. అందరూ దాని గురించే రాశారు. నాకు మాత్రం మిగతా రెండు ఫేజ్‌ల సంగతే అసలైందిగా తోస్తుంది. జోయీ-జే, బీపీఎస్ అని వాటి పేర్లు. మడ్డీ పుట్టుకతోనే చంపే రకం. ఇవి రెండూ అలా కాదు. బాక్టీరియాలోకి దూరి, దాన్ని చంపకుండా, దాని డీఎన్‌ఏలోనే కలిసిపోయి దాక్కునే రకం. దాక్కోవడానికి ఆసరా ఇచ్చే జన్యువును వాటిలోంచి తీసేసి, చంపేవిగా మార్చాకే ఆ పిల్లకు ఎక్కించారు. అలా మార్చకుండా ఎక్కించి ఉంటే కొన్ని క్రిములు చచ్చేవి, మిగిలినవి ఆ ఫేజ్‌లను కడుపులో పెట్టుకుని హాయిగా బతికేవి. అందుకే ఫేజ్‌ల విషయంలో వర్గీకరణను లైబ్రరీ అట్టల పనిగా కొట్టిపారెయ్యకూడదంటాను. ఏది ఏ రకమో తెలియకపోతే మందు మందుగా ఉండదు.

ముందు చంపే రకం ఎలా చంపుతుందో చూద్దాం. అందరికీ తెలిసిన ఉదాహరణ టీ4. మన పేగుల్లో ఉండే ఇ.కోలై దాని ఆహారం. పలకలు తేరిన తల, దాని కింద గొట్టంలాంటి తోక, తోక చివర సన్నని కాళ్లలాంటి పోగులు ఆరు. మొత్తం పొడుగు మిల్లీమీటరులో అయిదువేలవ వంతు. ఈ పోగులు బాక్టీరియా పైపొర మీది ఫలానా అణువును తడిమి పోల్చుకుంటాయి. అది తనకు కావలసిందే అయితే తోక అడుగు పలక గోడకు బిగుసుకుంటుంది, తోక చుట్టూ ఉన్న తొడుగు సగానికి కుంచించుకుపోతుంది, లోపలి గొట్టం గోడలోకి దిగబడుతుంది. తలలో ఉన్న డీఎన్‌ఏ బాక్టీరియాలోకి వెళ్లిపోతుంది. ఖాళీ పెంకు బయటే ఉండిపోతుంది.

1952లో ఆల్‌ఫ్రెడ్ హెర్షీ, మార్తా ఛేజ్ చేసిన ప్రసిద్ధమైన ప్రయోగం ఈ ఖాళీ పెంకు మీదనే. లోపలికి వెళ్లి పిల్లలను పుట్టించేది డీఎన్‌ఏయేననీ, బయట మిగిలే ప్రోటీను కాదనీ వాళ్లు తేల్చారు. వంశపారంపర్యం డీఎన్‌ఏలో ఉందన్న మాటను లోకం నమ్మింది అప్పటినుంచే.

లోపలికి దిగిన టీ4 డీఎన్‌ఏ ముందు చేసే పని బాక్టీరియా డీఎన్‌ఏను ముక్కలు చెయ్యడం. ఆ ముక్కలే తన ప్రతులకు ముడిసరుకు. అరగంట తిరక్కముందే లోపల వందకు పైగా కొత్త టీ4లు తయారవుతాయి. అప్పుడు ఒక ప్రోటీను లోపొరకు బొక్కలు పెడుతుంది, ఆ బొక్కల్లోంచి ఒక ఎంజైము వెళ్లి గట్టి గోడను కొరికేస్తుంది, బాక్టీరియా పగిలిపోతుంది. బొక్క పెట్టే ప్రోటీను తొందరపడితే పిల్లలు తయారవకముందే ఇల్లు కూలుతుంది, ఆలస్యం చేస్తే వేరే ఫేజ్‌లు ముందు పడతాయి. ఇంత చిన్న ప్రాణికి, అసలు ప్రాణి అనొచ్చో లేదో కూడా తేలని దానికి, సమయం మీద ఇంత పట్టు ఉండటం నాకు ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యమే.

దాక్కునే రకానికి పెద్ద ఉదాహరణ లాంబ్డా. ఎస్తర్ లెడర్‌బర్గ్ 1951లో ఇ.కోలైలో దీన్ని కనుక్కుంది. లాంబ్డా లోపలికి వెళ్లాక రెండు దారులుంటాయి. ఒకటి టీ4 దారి. రెండోది బాక్టీరియా డీఎన్‌ఏలో ఒకచోట అతుక్కుని, తన జన్యువులను దాదాపు అన్నిటినీ నోరు మూయించి, బాక్టీరియా రెండైనప్పుడల్లా తనూ రెండవుతూ తరాల తరబడి ఉండిపోవడం. నోరు మూయించడానికి అది వాడే ప్రోటీనే బయటినుంచి వచ్చే ఇంకో లాంబ్డాను కూడా పనిచెయ్యనివ్వదు. అద్దెకు దిగినవాడు ఇంటి తాళం మార్చేసినట్టు. బాక్టీరియాకు అతినీలలోహిత కిరణాలు తగిలి డీఎన్‌ఏ దెబ్బతింటే మాత్రం లాంబ్డా ఇక ఈ ఇల్లు నిలవదని పసిగట్టి బయటపడుతుంది, పోతూ పోతూ ఇల్లు కూల్చేస్తుంది.

దాక్కున్న ఫేజ్ ఊరికే ఉండదు. ఒక్కోసారి బాక్టీరియాకు ఆయుధాలిస్తుంది. ఇందుకు మన తీరప్రాంతపు ముసలివాళ్లకు కథలుగా తెలిసిన జబ్బు, కలరా, సాక్ష్యం. కలరా క్రిమి విడిచే విషమే విరేచనాలకు కారణమని 1959లో కలకత్తాలో శంభునాథ్ దే నిరూపించాడు. ఆ విషపు జన్యువు నిజానికి ఆ క్రిమిది కాదనీ, సీటీఎక్స్ ఫై అనే దారంలాంటి ఫేజ్ తెచ్చిపెట్టిందనీ 1996లో హార్వర్డ్‌లో మాథ్యూ వాల్డర్, జాన్ మెకలానోస్ చూపించారు. ఆ ఫేజ్ సోకని విబ్రియో కలరే నీళ్లలో రొయ్యల పెంకుల మీదో నాచు మీదో బతికే మామూలు క్రిమి, ఊళ్లను తుడిచిపెట్టేది కాదు. కంఠసర్పి క్రిమిదీ ఇదే కథ. దాని విషమూ ఫేజ్ ఇచ్చిందే.

మరో పక్క చూడండి. ఢాకాలో షా ఫరూఖ్ బృందం 2005లో ప్రచురించిన పరిశోధన ప్రకారం అక్కడ కలరా ప్రబలినప్పుడు నీళ్లలోనూ రోగుల మలంలోనూ కలరా క్రిమిని చంపే ఫేజ్‌లు పెరుగుతూ వస్తాయి. అవి బాగా పెరిగాక అంటు తగ్గుముఖం పడుతుంది. ఒకే క్రిమికి ఒక ఫేజ్ విషం ఇస్తోంది, ఇంకో ఫేజ్ చావు ఇస్తోంది. రెండింటినీ ‘ఫేజ్’ అనే ఒక్క మాటతో సరిపెడితే ఎలా?

సరిపెట్టిన మహానుభావుడు మరెవరో కాదు, ఆ పేరు పెట్టినవాడే. 1915లో లండన్‌లో ఫ్రెడరిక్ ట్వార్ట్, 1917లో పారిస్‌లో ఫెలిక్స్ డి’ఎరెల్ వేరువేరుగా ఈ వైరస్‌లను గుర్తించారు. ‘బాక్టీరియోఫేజ్’ అన్నది డి’ఎరెల్ పెట్టిన పేరు. అంతకు ముందే, 1896లో, ఆగ్రాలో పనిచేసిన ఎర్నెస్ట్ హాంకిన్ గంగ, యమున నీళ్లలో కలరా క్రిములు చచ్చిపోతున్నాయనీ, మరగబెడితే ఆ గుణం పోతోందనీ రాశాడు. ఆ గుణం ఫేజ్‌లదేనా అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. డి’ఎరెల్‌కు మాత్రం సందేహమే లేదు. 1927లో ఆయన మన దేశం వచ్చి, పంజాబ్‌లో కలరా రోగులకు ఫేజ్ తాగించాడు, ఊరి బావుల్లో పోయించాడు. తరవాత అస్సాంలో మారిసన్ అనే సైనిక వైద్యుడు నౌగాంగ్‌లో పెద్దఎత్తున ఫేజ్ పంచాడు, హబీగంజ్‌ను పోలికకు వదిలాడు. ఫలితాలు బాగున్నాయన్నారు. రెండు ప్రాంతాల నీరూ వానా జనమూ వేరు కాబట్టి ఆ లెక్కల మీద పూర్తి నమ్మకం పెట్టడం కష్టం.

డి’ఎరెల్ చేసిన అసలు పొరపాటు ఇంకోటి. లోకంలో ఫేజ్ అనేది ఒకటే జాతి, అదే రకరకాల బాక్టీరియాకు అలవాటు పడుతుంది అని చివరిదాకా పట్టుబట్టాడు. ఆస్ట్రేలియాకు చెందిన మాక్‌ఫర్లేన్ బర్నెట్ కాదని ప్రయోగాలతో చూపించినా వినలేదు. ఈలోగా ఐరోపా, అమెరికా కంపెనీలు సీసాల్లో ఏదో ఒక ఫేజ్ పోసి, ఏదో ఒక జబ్బుకు అమ్మేశాయి. అవి పనిచెయ్యలేదు. చెయ్యవు కూడా, ఒక్కో ఫేజ్ సాధారణంగా ఒక జాతి బాక్టీరియాలోనూ కొన్ని తెగలనే ముడుతుంది.

అంతలో యాంటీబయాటిక్‌లు వచ్చాయి. అందులో మన తెలుగువాడి చెయ్యి ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ కంపెనీలో పరిశోధనకు పెద్దగా ఉన్నప్పుడే బెంజమిన్ డగ్గర్ అక్కడ ఆరియోమైసిన్ కనుక్కున్నాడు. టెట్రాసైక్లిన్ వంశంలో మొదటిది అదే, 1948లో బయటికొచ్చింది. ఏ క్రిమో ఖచ్చితంగా తేలకపోయినా వేసెయ్యగల మందు చేతికొచ్చాక, ఒక్కో క్రిమికి ఒక్కో ఫేజ్ వెతికే ఓపిక ఎవరికుంటుంది? జార్జియాలోని తబిలిసిలో 1923లో మొదలైన ఎలియావా సంస్థ వంటి కొన్నిచోట్ల తప్ప, ఫేజ్ వైద్యం మూలపడింది. ఇప్పుడు ఆ యాంటీబయాటిక్‌లకు లొంగని క్రిములు పెరిగి, మళ్లీ ఫేజ్‌ల గడప తొక్కుతున్నాం.

ఇక వర్గీకరణకు వద్దాం. 1940 ప్రాంతంలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద మొదటిసారి ఫేజ్‌ల రూపం కనబడింది. కనబడినదాన్ని బట్టే విడదీశారు. 1967లో డేవిడ్ బ్రాడ్లీ ఆరు రూపాలు చెప్పాడు. తోక ఉన్నవే ఎక్కువ. కెనడాలో హాన్స్ వోల్ఫ్‌గాంగ్ అకెర్‌మన్ దశాబ్దాల తరబడి చూసి వేసిన లెక్కలో నూటికి తొంభయ్యారు తోకవే. వీటిని మూడు కుటుంబాలు చేశారు. ముడుచుకునే తోకవి మయోవిరిడే, పొడుగాటి మెత్తని తోకవి సైఫోవిరిడే, పొట్టి తోకవి పోడోవిరిడే. తోకలేనివి కొద్ది. కలరా విషం మోసేలాంటి దారపు ఫేజ్‌లు, గుండ్రని పొట్టి ఫై ఎక్స్ 174, డీఎన్‌ఏకు బదులు ఆర్‌ఎన్‌ఏ ఉన్న ఎంఎస్2, కొవ్వు పొర కప్పుకున్న ఫై 6 ఇలాంటివి. జన్యుసంపుటి మొత్తం చదవగలిగిన మొదటి వైరస్ ఎంఎస్2, అది 1976లో. మరుసటేడు ఫ్రెడరిక్ సాంగర్ బృందం ఫై ఎక్స్ 174ను కూడా మొత్తం చదివింది.

ఈ చదువే తోకల పద్ధతికి ఎసరు పెట్టింది. పీ22 అనే ఫేజ్‌నే తీసుకోండి. సాల్మొనెల్లాకు సోకుతుంది. తోక పొట్టి కాబట్టి టీ7తో కలిపి పోడోవిరిడేలో పెట్టారు. టీ7 కనికరం లేని హంతకి. పీ22 మాత్రం జన్యువుల అమరికలో లాంబ్డాకు తోబుట్టువు, దాక్కునే రకం. అంతే కాదు, ఒక బాక్టీరియా జన్యువులను మోసుకుపోయి ఇంకోదానికి ఇచ్చే అలవాటూ దానికుంది. ఆ బదిలీని నార్టన్ జిండర్, జాషువా లెడర్‌బర్గ్ మొదట చూసింది 1952లో దీనితోనే. తోక పొట్టిదనే ఒక్క కారణంతో ఈ రెంటినీ ఒకే ఇంటిపేరు కింద పెట్టారు. మందుకు ఫేజ్ ఎంచుకునేవాడు ఆ ఇంటిపేరును నమ్మితే కొంప మునుగుతుంది.

వైరస్‌ల వర్గీకరణ చూసే అంతర్జాతీయ కమిటీ చివరికి 2022లో ఆ మూడు కుటుంబాలనూ రద్దు చేసింది. తోక ఫేజ్‌లన్నీ ఇప్పుడు కాడోవిరిసిటిస్ అనే ఒక తరగతి కింద ఉన్నాయి, దానిలోపల కుటుంబాలను జన్యువుల పోలికతో కడుతున్నారు. డీఎన్‌ఏ అక్షరాలు నూటికి 95కు పైగా కలిస్తే ఒకే జాతి, 70కి పైగా కలిస్తే ఒకే ప్రజాతి అని మోటు లెక్క. పాత పాఠ్యపుస్తకాల్లో ఇంకా మూడు తోకల బొమ్మే ఉంది. దాన్ని రూపం చెప్పడానికి వాడుకోవచ్చు, బంధుత్వం చెప్పడానికి కాదు.

ఇంకో వింత. తోక ఫేజ్‌ల తల పెంకును కట్టే ప్రోటీను మడత, డీఎన్‌ఏను తలలోకి తోసే యంత్రం హెర్పిస్ వైరస్‌లలోనూ ఉన్నాయి. అందుకే రెంటినీ డూప్లోడ్నావిరియా అనే ఒకే మహాసామ్రాజ్యంలో చేర్చారు. మన పిల్లలకు ఆటలమ్మ తెచ్చే హెర్పిస్ వైరస్, మన చంపావతి నది నీళ్లలో ఇ.కోలైను చంపే ఫేజ్ ఎప్పుడో ఒక మూలపురుషుడి సంతానం.

ఆ యంత్రం గురించి లోకానికి ఎక్కువ చెప్పినవాళ్లలో ఒకరు వెనిగళ్ల రావు. వాషింగ్టన్‌లోని క్యాథలిక్ యూనివర్సిటీ ఆఫ్ అమెరికాలో ఏళ్ల తరబడి టీ4 మీదే పనిచేస్తున్నారు. టీ4 తల పొడుగు 120 నానోమీటర్లు. అందులో పట్టించాల్సిన డీఎన్‌ఏను సాగదీస్తే దానికి దాదాపు 500 రెట్లు. తల ముఖద్వారం దగ్గర అయిదు ప్రోటీన్లు వలయంగా కూర్చుని, కణపు ఇంధనమైన ఏటీపీ శక్తితో దాన్ని లోపలికి తోస్తాయి. వేగం సెకనుకు 2,000 అక్షరాల దాకా వెళ్తుందని 2007లో కొలిచారు. జీవలోకంలో కొలిచిన మోటార్లలో బలమైనవాటి వరసలో ఇదొకటి. 2008లో పర్‌డ్యూకు చెందిన మైకేల్ రాస్‌మన్‌తో కలిసి రావు బృందం ఆ మోటారు నిర్మాణాన్ని బయటపెట్టింది. 2023లో ఇదే టీ4 తలలో తమకు కావలసిన డీఎన్‌ఏ నింపి, పైన కొవ్వు పొర తొడిగి, మనిషి కణాల్లోకి జన్యువులు చేరవేసే కృత్రిమ వాహకంగా మలచారు. బాక్టీరియాను చంపడానికి పుట్టిన పెట్టె మనిషి జన్యువైద్యానికి బండి అవుతుందేమో చూడాలి. ఇప్పటికి అది ప్రయోగశాల దశ దాటలేదు.

మన జిల్లాలో వీటితో పనేమిటని అడిగేవాళ్లకు రెండు సంగతులు చెబుతాను.

ఒకటి నీరు. ఆండ్ర వైపు నుంచి గజపతినగరం మీదుగా వచ్చే చంపావతి కిందికి పోతూ ఎన్నో ఊళ్లకు మంచినీళ్లిస్తుంది. 2024 అక్టోబరులో గుర్ల మండలంలో అతిసారం ప్రబలి వందలమంది మంచం పట్టారు, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. నీళ్లలో మలం కలిసిందో లేదో చూడటానికి మనం ఇ.కోలైను లెక్కపెడతాం. అయితే పేగులకు సోకే వైరస్‌లు క్లోరిన్‌కు ఇ.కోలై కన్నా గట్టిగా తట్టుకుంటాయి. ఇ.కోలై చచ్చిన నీళ్లలోనూ అవి ఉండొచ్చు. ఇ.కోలైను పట్టే ఫేజ్‌లు, ముఖ్యంగా ఎంఎస్2 వంటివి, ఆ వైరస్‌లంత మొండివి, మనకు హాని చెయ్యనివి. వాటిని లెక్కపెడితే మలం ఆనవాళ్లు ఇంకా నమ్మకంగా తెలుస్తాయి. ఒక పళ్లెం, కాస్త అగార్, ఒక రాత్రి చాలు. జిల్లా నీటి పరీక్షా కేంద్రాల్లో దీన్ని మొదలుపెట్టడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

రెండోది రొయ్య. భోగాపురం, పూసపాటిరేగ తీరం పొడవునా హేచరీలున్నాయి. రాత్రిళ్లు తొట్లలో నీళ్లు మిణుకుమంటే యజమానికి నిద్రపట్టదు. అది విబ్రియో హార్వెయీ, రొయ్యపిల్లలను తెల్లవారేలోగా చంపగల క్రిమి. యాంటీబయాటిక్ వేస్తే ఎగుమతి సరుకు వెనక్కి వస్తుంది. మంగుళూరులో కరుణాసాగర్ దంపతుల బృందం ఈ క్రిమిని చంపే ఫేజ్‌లను పట్టి, తొట్లలో వాడి, పిల్లలు ఎక్కువగా బతికినట్టు 2006, 2007లలో ప్రచురించింది. ఆశపడదగిన కబురే. కానీ అదే విబ్రియోకు ఆస్ట్రేలియాలో దొరికిన వీహెచ్ఎంఎల్ అనే ఫేజ్ దాక్కునే రకం. అది సోకిన క్రిమి రొయ్యను ఇంకా ఉధృతంగా చంపుతుంది. పేరుకు అదీ ఫేజే.

కాబట్టి హేచరీ యజమానులు ఎవరైనా ‘ఫేజ్ మందు’ అంటూ సీసా పట్టుకొస్తే మూడు ప్రశ్నలు అడగాలి. ఏ క్రిమి మీద పరీక్షించారు, నా తొట్లోని క్రిమి మీద పనిచేస్తుందా? దీని జన్యుసంపుటి చదివించారా? దాక్కునే జన్యువు, విషపు జన్యువు ఏవీ లేవని రాసిస్తారా? మూడింటికీ కాగితం మీద జవాబు లేని సీసాను కొనకండి.

డిగ్రీ కళాశాలల్లో సూక్ష్మజీవశాస్త్రం చెప్పే మాస్టార్లకు ఒక మనవి. డర్బన్ విద్యార్థిని చేసింది ఇక్కడి పిల్లలూ చెయ్యగలరు. పెంటకుప్ప మట్టి, రామభద్రపురం సంతలో పారేసిన కూరగాయలు, చంపావతి ఒండ్రు ఏదైనా సరే. ద్రవంలో కలిపి, సన్నని వడపోతలోంచి దించి, జబ్బు చెయ్యని మైకోబాక్టీరియం స్మెగ్మాటిస్ లాంటి క్రిమితో కలిపి మెత్తని అగార్ మీద పొయ్యాలి. ఒకటి రెండు రోజుల్లో ఆ తెల్లటి పరుపు మీద గుండ్రని ఖాళీలు కనిపిస్తే అక్కడ ఫేజ్ ఉన్నట్టు. ఖాళీ శుభ్రంగా ఉంటే చంపే రకం కావచ్చు, మసకగా ఉంటే దాక్కునే రకం కావచ్చు, తేల్చేది జన్యువులే. జబ్బు చేసే క్రిములను మాత్రం ముట్టనివ్వకండి. వచ్చే విద్యా సంవత్సరంలో ఒక్క తరగతితో మొదలుపెట్టండి. దొరికినవాటికి పేర్లు పిల్లలనే పెట్టనివ్వండి.